పెట్టెలోని చుట్టాలు

అగాఫియా ఇంట్లో ఏదో తేడా వచ్చిందని ముందు పసిగట్టింది కుక్క. మంచు తుఫానొచ్చినా, పిడుగు పడినా పొయ్యి పక్కనుంచి కదలని ముసలి కుక్క అది. ఆ పొద్దున్న తనంతట తానే తలుపు గీరి, బయటికి పోయి, మంచులో ముడుచుకుని పడుకుంది. లోకానికి ఉత్తరపు కొసనున్న కుయిగ్గాక్ ఊరి చలి అల్లాటప్పా చలి కాదు. అక్కడ కుక్క మొరగడానికి నోరు తెరిస్తే, మళ్లీ మూయించడానికి దాన్ని పొయ్యి దగ్గరికి ఎత్తుకు రావాలి. అలాంటి చలే నయమనుకుంది కుక్క.

కాసేపటికి వాసన అగాఫియా ముక్కుకీ తగిలింది. కుళ్లిన గుడ్ల వాసన. స్నానాల గది పక్కనున్న పెట్టెలోంచి వస్తోంది. ముసలమ్మ గుండె జారి ఫర్రు బూట్లలో పడింది.

ఎందుకంటే ఆ పెట్టె మీదే ఆమె మొగుడు ఇంటికి రావడం ఆధారపడి ఉంది.

కుయిగ్గాక్‌లో నేల కింద ఎండాకాలంలో కూడా మంచే. గొట్టాలు పాతితే పగిలిపోతాయి, గొయ్యి తవ్వితే పార విరుగుతుంది. అందుకని ఊరు ఊరైన నాటి నుంచీ ప్రతి ఇంట్లోనూ ఒక బకెట్, దాని మీదొక పీట. అది నిండాక మోసుకెళ్లి చెక్కబాట చివరున్న తొట్టెలో పొయ్యాలి. దానికి తేనె బకెట్ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, తేనెటీగ మొహం ఎరగని ఊళ్లో అందరూ ఆ పేరే పలుకుతారు. శీతాకాలం తలుపు తట్టే రోజుల్లో అగాఫియా మొగుడు జకార్ అలాంటి బకెట్ ఒకటి, అదీ నిండుది, మోసుకెళుతూ చెక్కబాట మీద కంటికానని గడ్డమంచుకి జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. విమానం వచ్చి పట్నం ఆసుపత్రికి ఎగరేసుకుపోయింది.

ఎముక అతికింది. మనిషిని మాత్రం పంపలేదు. "మంచు మీద బకెట్ మోసే ఇంటికి ఈయన్ని పంపం. ఇంట్లోనే నీళ్ల మరుగుదొడ్డి పనిచేస్తోందని మీ ఊరి నర్సు చూసి చెబితే పంపుతాం. లేదంటే ఇక్కడే వృద్ధుల ఇంట్లో మంచం ఇస్తాం" అన్నారు. ఆ మంచం ఎక్కినవాళ్లు మళ్లీ ఊరికి శవపెట్టెలో తప్ప రాలేదని కుయిగ్గాక్‌లో అందరికీ తెలుసు.

అప్పటికే నది గడ్డకట్టే ముందు వచ్చిన ఆఖరి పడవలో కొత్తరకం పెట్టెలు రెండు వచ్చి ఉన్నాయి. ఇంటి మురుగంతా ఒక గదిలోకి పోతుంది. అడుగునుంచి గాలి బుడబుడమంటూ ఉంటుంది. లోపల కంటికి కనపడని పురుగులు మురికి తిని నీళ్లు తేరుస్తాయి. ఆ తేరిన నీళ్లే మళ్లీ మరుగుదొడ్లోకి పోతాయి. గొట్టాలు పాతక్కర్లేదు, మొయ్యక్కర్లేదు. పనిచేస్తే వచ్చే ఏడు ఊరంతటికీ పెడతామన్నారు. ఊరిపెద్దలు ఒకటి జకార్ మొహం చూసి అగాఫియాకిచ్చారు. రెండోది చీటీలేస్తే మార్ఫా పేరు వచ్చింది. మార్ఫా సంగతి తర్వాత చెప్పుకుందాం, అది కాస్త పెద్ద సంగతి.

పెట్టెల బాగోగులు చూసేవాడు ఈవాన్. వరసకి అగాఫియాకి మేనల్లుడు. మనిషి మంచివాడే గాని, ఏదైనా పాడైతే ముందు టీ అడుగుతాడు. ఆ రోజు టీ అడక్కుండానే మూత తీశాడు. నీళ్లుండాల్సిన చోట అరచెయ్యి మందాన తెల్లటి కొవ్వు తెట్టు కట్టి ఉంది. గాలిబుడగలు దాన్ని పొడవలేక కింద ఎక్కడో గుడగుడమంటున్నాయి.

"అత్తా, ఇందులో ఏం పోసేవు?"

"ఏం పోస్తానురా? అందరూ పోసేదే."

"అందరూ సీలు కొవ్వు నూనె పోస్తారా?"

అగాఫియా గడ్డం ఎత్తింది. "నువ్వే కదరా చెప్పేవు, ఇందులో పురుగులున్నాయి, దక్షిణాది నుంచి వచ్చేయి, మన చాకిరీ చేస్తాయి అని? దక్షిణాది వాళ్లకి ఈ చలి ఆగుతుందా? కొవ్వు తినకుండా ఈ ఊళ్లో బతికి బట్టకట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. చాకిరీ చేయించుకుని తిండి పెట్టకపోతే మనుషులమేనా?"

"రోజూ పోసేవా?"

"రోజూ గరిటెడే. క్రిస్మస్ పండగ పూట మాత్రం ఆకుతాక్ పెట్టేను. నక్షత్రం మోసుకుంటూ ఊరంతా మనింటికొచ్చి పాటలు పాడి తిని వెళ్లేరు కదా? ఆ పూట గడప లోపలున్న వాళ్లెవరూ ఆకలితో ఉండకూడదని మా అమ్మ చెప్పింది. రెయిన్‌డీర్ కొవ్వు గిలక్కొట్టి, బెర్రీలు వేసి, మనకి చేసినట్టే చేసేను. పెద్ద గిన్నెడు."

"గిన్నెడు ఆకుతాక్!" ఈవాన్ గోడకి జారగిలబడ్డాడు. "అత్తా, వీటికి పెట్టాల్సింది నువ్వు తినేది కాదు. తిని వదిలేది."

"ఛీ! ఇంటికొచ్చిన చుట్టాలకి అది పెడతారట్రా ఎవరైనా?"

వాడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొవ్వు పైన మూతలా పట్టేసిందనీ, లోపలున్నవాటికి ఊపిరాడక పోయాయనీ మెల్లిగా చెప్పాడు. అగాఫియా మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుంది. తన జన్మలో ఇంటికొచ్చిన ఒక్క ప్రాణిని కూడా ఆకలితో పంపలేదు. తిండిపెట్టి చంపడం ఇదే మొదలు.

"కొత్తవి తెప్పించరా."

"దక్షిణాది నుంచి రావాలి. ఈ వాతావరణంలో ఏ విమానం ఎప్పుడొస్తుందో! జకార్ మావ వచ్చే వారం కదూ రావడం? నర్సు లుద్మిలా అంతకుముందు రోజే చూసిపోతుంది."

అగాఫియా పీట మీద కూలబడింది. వాసన వస్తున్నా లేవలేదు.

"ఒక దారుంది," అన్నాడు ఈవాన్, తల గోక్కుంటూ. "నువ్వు రొట్టెకి పాత పులిసిన పిండి ముద్ద వేసి కొత్తపిండి పులియబెడతావు చూడు, ఇదీ అంతే. బతికున్న పెట్టెలోంచి ఓ బకెట్టు మడ్డి తెచ్చి ఇందులో తోడేస్తే అవే పెరుగుతాయి. ఊళ్లో బతికున్న పెట్టె ఒకటే..."

"దాని పేరెత్తకు."

"నేనెత్తలేదు అత్తా. నువ్వే ఎత్తేవు."

మార్ఫా అగాఫియాకి మేనత్త కూతురు. అంటే వదిన. ఆ ఊళ్లో వదినా మరదళ్లు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. అనాలి కూడా. అనకపోతే ఏదో జబ్బు చేసిందనుకుంటారు. కోపం తెచ్చుకోవడం మాత్రం కూడదు. మాటకి మాట బదులివ్వాలి, లేదా నవ్వాలి. కోపం తెచ్చుకున్నవాళ్లు ఓడినట్టే. అరవై ఏళ్లపాటు వీళ్లిద్దరూ అలా దెప్పుకుంటూ ఊరికి పొద్దుపోయేట్టు చేశారు. ఓసారి చేపల వేటలో వీళ్ల వాదన వినడానికి సాల్మన్ చేపలు ఏరు ఎక్కడం మానేసి గట్టు పక్కన నిలబడిపోయాయంటారు. నమ్మనివాళ్లు ఏటినే అడగొచ్చు.

అయితే జకార్‌ని విమానం ఎత్తుకుపోయిన కొన్నాళ్లకి, డప్పుల పండగనాడు, మార్ఫా కొత్త ఆటపాట కట్టింది. లేని బకెట్టుని రెండు చేతులా పట్టుకుని, పొట్ట ముందుకి తోసి, వాల్రస్‌లా ఊగుతూ ఆడింది. డప్పులవాళ్లు పాడారు:

"వాల్రస్ తాత బాతైనాడు, బకెట్టుతోటి ఎగిరినాడు,
బకెట్టు ముందు దిగినాది, తాత వెనక దిగినాడు,
ఏది ఎవరో తెలియలేదు, ఐ యా, ఐ యా!"

ఊరంతా పొట్టలు పట్టుకుని దొర్లింది. అగాఫియా లేచి నిలబడింది. బదులాట ఆడుతుందనుకుని డప్పులు ఆగాయి. ఆమె ఆడలేదు. తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది. వదిన పాటకి లేచిపోయిన మనిషిని కుయిగ్గాక్ అంతవరకూ చూడలేదు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. గుడిలో కూడా ఒకరు ఆ గోడకి, ఒకరు ఈ గోడకి.

ఇప్పుడేమో ఆ వదిన గుమ్మంలోకే వెళ్లి, వేరే ఏదైనా కాదు, అది అడగాలి.

మర్నాడు ముందు చచ్చిన పెట్టెని శుభ్రం చేశారు. ఈవాన్ వేడి ఆపేసి, తలుపులు బార్లా తెరిచాడు. చలికి కొవ్వు చెక్కలా బిగుసుకుంది. అగాఫియా సీలు తోళ్లు కోసే వంపు కత్తితో దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి ఎత్తేసింది. కింద మిగిలిన నల్లటి నీళ్లు ఈవాన్ తోడి, మంచుబండి మీద ఊరవతల మడుగుకి తోలాడు. పెట్టె కడిగి, గోరువెచ్చటి నీళ్లు నింపి, గాలి వదిలాడు. బుడబుడమంది. బుడబుడే గాని ప్రాణం లేదు. ఉత్త నీళ్ల చప్పుడు.

"నేనెళ్లి అడగనా అత్తా?" అన్నాడు ఈవాన్.

"నువ్వెందుకు? చంపింది నేను." బకెట్ తీసుకుని, పైన రుమాలు కప్పి బయల్దేరింది.

దారి పొడవునా ఏమనాలో కూడబలుక్కుంది. నీ దగ్గరున్నది కాస్త ఇప్పించు, అంటే? ఏముందని అడుగుతుంది. చిన్న సాయం, అంటే? అంతకంటే పెద్దదాన్ని ఊళ్లో ఎవరూ అడిగి ఉండరు. కరెంటు స్తంభం మీది కాకి ఒకటి ఆమెనీ బకెట్‌నీ మార్చి మార్చి చూసి, ఏదో అంది. ఏమందో అగాఫియాకి బాగానే అర్థమైంది. "నోర్ముయ్యి" అని వెళ్లిపోయింది.

మార్ఫా చేతితొడుగు కుడుతోంది. తలెత్తి చూసింది. లేచి టీ పోసి ముందు పెట్టింది. శత్రువైనా సరే, గడప లోపలికొచ్చాక టీ ముందు, మాట తర్వాత. అగాఫియా టీ తాగింది. ఇంకో కప్పు పోస్తే అదీ తాగింది. మూడోది పొయ్యబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ బకెట్టేవిటి?" అంది మార్ఫా, సూదికి దారం ఎక్కిస్తూ.

"ఖాళీది."

"తెలుస్తోంది. ఖాళీ బకెట్టుతో వచ్చినవాళ్లు చేపలకొస్తారు, బెర్రీలకొస్తారు. నువ్వు దేనికొచ్చేవు?"

"మీ పెట్టెలోది కావాలి. ఓ బకెట్టు."

సూది ఆగింది.

"మా పెట్టెలోది."

"ఔను."

"అంటే మా మురుగు."

"మడ్డి. అడుగునుండేది."

"అగాఫియా! మా అటక మీద ఎండబెట్టిన సాల్మన్ ఉంది. కొట్లో రెండు సీలు తోళ్లున్నాయి. గోడకి మా అమ్మ ఇచ్చిన వెండి శిలువ వేలాడుతోంది. ఇవన్నీ నీ కంటికి ఆనలేదు. ఆఖరికి అదొక్కటే నచ్చిందా?" మార్ఫా మొహం రాయిలా ఉంది గాని, కింద పెదవి ఒక్కటీ చెప్పిన మాట వినడం లేదు. "సరే, ఏ రకం ఇమ్మంటావు? నాదా, మా ఆయనదా? ముందే చెబుతున్నా, మా ఆయనది ఘాటు."

అగాఫియాకి ఒళ్లు మండింది. కాళ్లు తలుపు వైపు తిరిగాయి కూడా. ఇంతలో పట్నంలో కిటికీ పక్క ఎవరిదో మంచం మీద, తెలియని కూర తింటూ కూర్చున్న జకార్ కళ్లకు కట్టాడు. కాళ్లు మళ్లీ వెనక్కి తిరిగాయి. నోరు తెరిచింది.

"ఏదైనా పరవాలేదు వదినా. నీ నోట్లోంచి వచ్చేదానికంటే రెండూ శుభ్రమే."

మార్ఫా నవ్వింది చూడండీ, పై కప్పు మీది మంచంతా ఒక్కసారి జారి కిటికీ ముందు పడింది. కుడుతున్న తొడుగు ఒళ్లోంచి ఎగిరిపోయింది. కళ్లు తుడుచుకుంటూ అంది, "దిక్కుమాలినదానా! ఇన్నాళ్లూ బదులిచ్చేవాళ్లు లేక నాలిక తుప్పుపట్టింది కదే!"

అసలు సంగతి చెప్పింది అగాఫియా. నూనె సంగతి, ఆకుతాక్ సంగతి. మార్ఫా వేళాకోళం చెయ్యలేదు. గొంతు తగ్గించింది.

"ఎవరితోనూ అనకు. పండక్కి నేనూ వాటికోసం గిన్నెడు ఎత్తి పెట్టేను. ఈ తిండిపోతు మహారాజు తెల్లారేసరికి నాకేశాడు. నా పెట్టె బతికుందంటే మా ఆయన పొట్ట చలవ."

ఇద్దరూ కలిసి మూత తీసి, మడ్డి తోడారు. ముదురు గోధుమ రంగులో, మంచు కరిగినప్పటి నేల వాసనేస్తోంది. దాన్ని గడ్డకట్టకుండా ఊరి ఆ చివరికి చేర్చాలి. గడ్డకడితే చస్తాయి. మార్ఫా లోపలికెళ్లి, తోడేలు బొచ్చు అంచున్న తన పండగ కోటు తెచ్చి బకెట్‌కి తొడిగింది. చేతులు రెండూ ముందుకి ముడేసి, తలముసుగు మీదికి లాగి, తాడు కట్టింది. బకెట్టు అచ్చం బుగ్గలు లేని పాపాయిలా తయారైంది. తోపుడు బండి మీద కూర్చోబెట్టి ఒకరు లాగుతూ ఒకరు తోస్తూ బయల్దేరారు.

కొట్టు ముందున్న మగవాళ్లు నోళ్లు తెరిచారు. ఒకటి, ఆ ఇద్దరూ కలిసి నడవడం. రెండు, ఆ పిల్ల.

"ఎవరి పిల్ల మార్ఫా అది?" అన్నాడొకడు.

"మా ఇద్దరిదీ. అచ్చం తండ్రి పోలిక. చూస్తావా?"

"ముద్దు పెట్టుకోనీ."

"తప్పకుండా. మూత తియ్యవే వదినా!"

వాడు దగ్గరికొచ్చి ముసుగులోకి తొంగిచూసి, ఎంత దూరం పరిగెత్తాడంటే, వసంతానికి గాని ఊరు చేరలేదు. సాయంత్రానికల్లా ఏటి దిగువనున్న ఊళ్లో అగాఫియాకి ఈ వయసులో కొడుకు పుట్టాడని చెప్పుకున్నారు.

జకార్ పడ్డ చోటు దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ నవ్వు ఆపారు. చెక్కబాట అక్కడ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. గాలికి మంచు కొట్టుకుపోయి, కింద గాజులాంటి గడ్డ బయటపడింది. బండి అటువైపు జారడం మొదలైంది. మార్ఫా వెనకనుంచి ఒక్క దూకు దూకి బకెట్టుని కావలించుకుంది. ఆమె కాళ్లు రెండూ గాల్లోకి లేచాయి. దబ్బున వెల్లకిలా పడింది. బకెట్టు మాత్రం ఆమె పొట్ట మీద నిటారుగా, కోటు తొడుక్కుని, పెద్దమనిషిలా కూర్చుని ఉంది. ఒక్క చుక్క ఒలకలేదు.

అగాఫియా పరిగెత్తుకొచ్చింది. "వదినా! ఎముకలున్నాయా?"

"ఉన్నట్టున్నాయి. కొవ్వు మీద పడ్డాను. మా వాడెలా ఉన్నాడో చూడు."

అగాఫియా ఆమెనీ, బకెట్టునీ, ఆ చోటునీ చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుని, అక్కడే, నడిబాట మీద, పాడింది:

"వాల్రస్ అత్త బాతైనాది, బకెట్టుతోటి ఎగిరినాది..."

పడుకునే మార్ఫా చేతులతో తాళం వేసింది. "ఐ యా, ఐ యా!"

మడ్డి పెట్టెలో పోశారు. ఈవాన్ ముందుజాగ్రత్తగా మూతకి తాడు బిగించి, ముడి మీద ముడి వేసి, సీలు నూనె సీసా అటక మీద పెట్టాడు. అగాఫియా పెట్టె పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడైనా వీటికి తిండి సరిపోతుందా?" అనడిగింది.

ఈవాన్ తల గోక్కున్నాడు. "ఒక్కదానివే కదా అత్తా. నువ్వొక్కదానివి ఎంతని పెడతావు! నలుగురుండే ఇల్లైతే..."

అంతే. మర్నాటినుంచి అగాఫియా ఇంట్లో టీ గిన్నె పొయ్యి దిగలేదు. వచ్చినవాళ్లకి చేపల పులుసు, పోయేవాళ్లకి రొట్టె. మళ్లీ పాత రోజుల్లా ఇల్లు కళకళలాడింది. ఒక్కటే తేడా. ఎవరైనా సెలవు తీసుకోబోతే ఆమె తలుపుకడ్డం నిలబడేది.

"తిని ఊరికే పోతారేవిటి? లోపలికెళ్లి రండి."

"ఇప్పుడు రావడం లేదు పిన్నీ."

"అయితే ఇంకో కప్పు తాగు."

మార్ఫా మొగుణ్ణి పొద్దున్నా సాయంత్రం ప్రత్యేకంగా పిలిపించేది. "రావయ్యా, నీదే ఘాటుట" అంటే ఆయన రొమ్ము విరుచుకుని, పతకాలు పెట్టుకున్నవాడిలా లోపలికి వెళ్లేవాడు. కొందరు తమ వంతు వేరే చోట వృథా కాకూడదని ఉగ్గబట్టుకుని ఊరి ఆ చివరినుంచి పరిగెత్తుకుంటూ వచ్చారు.

అయినా రోజులు గడుస్తుంటే అగాఫియాకి నిద్ర పట్టలేదు. నీళ్లు ఇంకా మసకగానే ఉన్నాయి. వాసన అటూ ఇటూ కాకుండా ఉంది. లుద్మిలా వచ్చే రోజు పొద్దున్న తలుపు దగ్గర గీరిన చప్పుడు వినపడింది. తీసింది. కుక్క లోపలికొచ్చింది. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, వాసన చూసి, తుమ్మి, దాని పక్కనే మూతి కాళ్లలో పెట్టుకుని పడుకుంది. అగాఫియా వంగి తానూ వాసన పీల్చింది. మంచు కరిగినప్పటి నేల. ఆమె కుక్క మెడ పట్టుకుని దాని బొచ్చులో మొహం దాచుకుంది.

తర్వాత వచ్చిన నర్సు లుద్మిలా మరుగుదొడ్లో నీళ్లు వదిలి చూసింది, మూత తీయించి చూసింది, అన్నీ చూసి పట్నానికి ఫోను చేసింది. "పంపించండి" అంది. కుక్క చెప్పాక ఇంక ఆవిడ చెప్పేదేముంది?

విమానం దిగిన జకార్‌ని మంచుబండి మీద దుప్పట్లలో చుట్టి తెచ్చారు. చిక్కాడు గాని, మీసం అదే. నడిచే చట్రం పట్టుకుని గడప దాటాడు. ఇంటినిండా జనం. అందరి కళ్లూ ఆయన మీదే. నిజానికి ఆయన మీద కాదు.

"ఏవిటర్రా అలా చూస్తున్నారు? చచ్చి వచ్చినట్టు!"

"ఏం లేదు గాని," అంది అగాఫియా, "లోపలికెళ్లి రావయ్యా."

"ఇప్పుడేగా వచ్చేను."

"వెళ్లమంటుంటే!"

ఆయన వెళ్లాడు. తలుపు పడింది. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. ఈవాన్ పెట్టె మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు. తర్వాత లోపలినుంచి సన్నగా కూనిరాగం వినిపించింది. "...బకెట్టు ముందు దిగినాది, తాత వెనక దిగినాడు, ఏది ఎవరో తెలియలేదు..." ఆ వెంటనే జలజలా నీళ్లు. పెట్టె ఒకసారి గుటక వేసి, బుడబుడమంది. ఇల్లు ఇల్లంతా ఈలలేసింది.

తలుపు తీసుకుని వచ్చిన మొగుణ్ణి చూస్తూ అగాఫియా అడిగింది. "ఆ పాట నీకెలా తెలుసు?"

"తెలియకపోవడమేవిటి? మీ వదిన కట్టిన రోజే ఆసుపత్రికి ఫోను చేసి పాడింది, తప్పా ఒప్పా అన్నయ్యా అని. ఆఖరి ముక్క నేనే వేశాను. వార్డంతా పాడుకున్నాం. ఏం, నీకు నచ్చలేదా?"

అగాఫియా మార్ఫా వైపు తిరిగింది. మార్ఫా పైకప్పులో ఏదో పగులు చూస్తున్నట్టు చూస్తోంది.

"ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పలేదేం?"

"తలుపేసుకుని పోయినదానివి, ఎవరికి చెప్పనూ? కాకికా?"

అగాఫియాకి కోపం రాబోయి, దారి మధ్యలో నవ్వుగా మారిపోయింది. గుండె ఇన్నాళ్లకి బూట్లలోంచి లేచి దాని చోటుకి అది వచ్చి కూర్చుంది. జకార్ పొయ్యి పక్క కుర్చీలో కూలబడి, కాళ్లు చాపి, ఎండు సాల్మన్ ముక్క విరిచాడు.

"పట్నంలో అన్నీ పెట్టేరే. సీలు నూనె ఒక్కటీ పెట్టలేదు. నోరు చచ్చిపోయింది. ఏదీ, సీసా?"

అగాఫియా అటక మీంచి సీసా దించగానే ఈవాన్ ఒక్క గెంతు గెంతి పెట్టె మూత మీద కూర్చున్నాడు.

"మావకేరా!" అంది. మొగుడి గిన్నెలో నిండుగా పోసింది. పెట్టె పక్కనే బుడబుడమంటోంది. అటు ఒకసారి చూసి, పోనీలే పాపం అనుకుని, అంతలోనే తమాయించుకుంది. సీసా మూత గట్టిగా బిగించి, దానికి కనపడకుండా తన పెద్ద చొక్కా ముందు జేబులో దాచేసింది.